స్పైడర్‌మాన్ పెళ్ళిని చెరిపేసింది ఎవరు?

పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు ఒక ప్రశ్న వేసింది. తొమ్మిదో తరగతి పూర్తిచేసిన పిల్ల. ఇంట్లో ‘స్పైడర్‌మాన్: నో వే హోమ్’ సినిమా తెలుగు డబ్బింగులో చూస్తున్నాము. 2021లో వచ్చిన సినిమా, మీలో చాలామంది పిల్లలతో కలిసి చూసే ఉంటారు. చివర్లో ఒక మంత్రం వేస్తారు. దాంతో లోకమంతా పీటర్ పార్కర్ అనే కుర్రవాణ్ణి మరిచిపోతుంది. అతను ప్రాణంగా చూసుకున్న అమ్మాయి కూడా మరిచిపోతుంది.

“ఆ పిల్ల ఎందుకు మరిచిపోవాల తాతా? ఎవరు చెప్పినారు అట్ల రాయమని?” అని అడిగింది.

“కథ కదమ్మా” అన్నాను.

“కథ అయితే రాసినోళ్ళు ఉంటారు కదా. వాళ్ళకు ఎవరు చెప్పినారు?”

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సంఘం పనులు ముగిశాక సాయంత్రాలు ఖాళీయే కాబట్టి, మద్రాసులో ఉద్యోగం చేసే పక్కింటి అబ్బాయి దగ్గర కొన్ని కామిక్స్ పుస్తకాలు అడిగి తెచ్చుకుని, వాటి చరిత్ర కొంత చదివాను. అరవై దాటినవాడికి ఈ సాలెపురుగు గొడవ దేనికని మా ఇంటావిడ నవ్వింది. చదివిన తరువాత మాత్రం ఇది మన ఇళ్ళకు దూరమైన విషయం కాదనిపించింది. అందుకే రాస్తున్నాను.

స్టేటస్ కో అంటే మాకు తెలుసు

ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి. కోర్టు నుంచి ‘స్టేటస్ కో’ అని కాగితం వచ్చిందంటే మాకు అర్థం ఒకటే. తీర్పు వచ్చేదాకా ఎక్కడి గోడ అక్కడే, ఎవరి స్వాధీనంలో ఉన్నది వారి స్వాధీనంలోనే. తెలుగులో యథాస్థితి అంటాము.

కామిక్స్ పుస్తకాలు వేసే కంపెనీలూ ఇదే మాట వాడతాయి. వారి యథాస్థితి ఏమిటంటే, హీరో వయసు పెరగకూడదు, చేతిలో డబ్బు నిలవకూడదు, ముసుగు రహస్యం బయటపడకూడదు, ప్రేమ ఒక కొలిక్కి రాకూడదు. ప్రతినెలా ఏదో పెద్ద మార్పు జరిగినట్టు అట్టమీద బొమ్మ వేస్తారు. ఆరు నెలలు పోయాక చూస్తే గోడ ఉన్నచోటనే ఉంటుంది. ఆ వ్యాపారంలో దీనికి ‘మార్పు అనే భ్రమ’ అని పేరు.

ఇది అమెరికా వాళ్ళు కనిపెట్టిన కిటుకు కాదు. మన చందమామలో నెలనెలా జరిగినదీ ఇదే.

బేతాళుడు మళ్ళీ చెట్టెక్కడం

1947లో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామా. అందులో బేతాళ కథలు తెలియని తెలుగు ఇల్లు మన జిల్లాలో ఉండదు.

మూలమైన సంస్కృత కథలు పాతిక మాత్రమే. సోమదేవుడి కథాసరిత్సాగరంలోనూ అవి ఉన్నాయి. వాటికి ముగింపు కూడా ఉంది. చివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబు లేదు. అతను మౌనంగా ఉండిపోతాడు. అప్పుడు బేతాళుడు సంతోషించి, ఆ భిక్షువు పన్నిన కుట్ర చెప్పేస్తాడు. రాజు భిక్షువును చంపి బయటపడతాడు. కథ కంచికి, మనం ఇంటికి.

చందమామలో మాత్రం కథ కంచికి పోలేదు. పాతిక కథలూ అయిపోయాక కూడా, వేరే కొత్త కథలు తీసుకుని, వాటి చివర ఒక చిక్కు ప్రశ్న తగిలించి, బేతాళుడి నోట చెప్పించారు. దశాబ్దాల తరబడి అలాగే నడిచింది. ప్రతినెలా రాజు నోరు విప్పుతాడు, శవం చెట్టెక్కుతుంది. శంకర్ గారు వేసిన బొమ్మ, కత్తి పట్టిన రాజు, భుజాన శవం, మన కళ్ళముందు ఇప్పటికీ కదులుతుంది. ఆయన 2020లో కాలం చేశారు. ఆయన రాజుకు మాత్రం ఒక్క వెంట్రుక నెరవలేదు.

ఇది ఎవరి నిర్ణయం? రాజుదీ కాదు, బేతాళుడిదీ కాదు. సంపాదకులది. 1952 నుంచి 1980 దాకా చందమామ పనిని మోసిన కొడవటిగంటి కుటుంబరావు గారి బల్లమీద జరిగిన పని. ఒకవేళ ఇరవై ఆరో నెలలో రాజు మౌనంగా ఉండిపోయి ఉంటే, ఆ తరువాతి వందల కథలు మనకు దక్కేవి కావు. యథాస్థితి వల్ల లాభం కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి.

అయితే విక్రమార్కుడి భుజాన ఉన్నది శవం. దాన్ని ఎన్నిసార్లు చెట్టెక్కించినా ఎవరి మనసూ నొచ్చుకోదు. స్పైడర్‌మాన్ పక్కన ఉన్నది ప్రేమించిన మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

గ్వెన్ మరణం, మేరీ జేన్ పెళ్ళి

స్పైడర్‌మాన్ 1962లో పుట్టాడు. రాసినవారు స్టాన్ లీ, బొమ్మలు వేసినవారు స్టీవ్ డిట్కో, ప్రచురించినది మార్వెల్ కంపెనీ. అప్పటిదాకా ఉన్న వీరులు పెద్దమనుషులు. ఇతను బడికి పోయే పిల్లవాడు. పిన్నమ్మ ఇంట్లో పెరుగుతాడు. ఇంట్లో ఎప్పుడూ డబ్బుకు కటకటే. చదివే పిల్లలు తమను తాము అతనిలో చూసుకున్నారు.

మొదట్లో అతని వయసు కొంత పెరిగింది. స్కూలు ముగించి కాలేజీలో చేరాడు. అక్కడ గ్వెన్ స్టేసీ అనే అమ్మాయి పరిచయమైంది. ప్రేమ గట్టిపడింది. 1970ల మొదటికి సంపాదకులకు ఒక ఇబ్బంది ఎదురైంది. ఆ ఇద్దరి మధ్య ఇక చెప్పడానికి మిగిలింది పెళ్ళి మాత్రమే. పెళ్ళి చేస్తే హీరో సంసారి అయిపోతాడు. విడదీస్తే చదివేవాళ్ళు నమ్మరు.

మూడో దారి తొక్కారు. 1973లో గ్వెన్‌ను చంపేశారు. ఆ కథ రాసిన జెర్రీ కాన్వే అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. గ్వెన్ పేరు సూచించినది చిత్రకారుడు జాన్ రొమిటా. దుష్టుడు ఆమెను వంతెన మీదనుంచి తోస్తాడు, హీరో సాలెదారం విసిరి పట్టుకుంటాడు, అయినా ఆమె బతకదు. హీరో కాపాడలేకపోవడం పాఠకులకు పెద్ద దెబ్బ. ఉత్తరాలతో తిట్టిపోశారు. కాన్వే తరువాత దాచకుండానే చెప్పాడు, ఆ జంట మరీ కుదురుగా ఉండి కథ ముందుకు పోవడానికి దారి లేకపోయిందని. ప్రేమ బాగుండటమే ఆమె ప్రాణం మీదికి వచ్చింది.

తరువాత మేరీ జేన్. 1966 నుంచే కథలో ఉన్న పిల్ల. స్నేహం మెల్లగా ప్రేమ అయింది. 1987లో పెళ్ళి చేశారు. ఈ పెళ్ళి కూడా కథలోంచి పుట్టలేదు. స్పైడర్‌మాన్ అప్పటికి పదేళ్ళుగా దినపత్రికల్లో రోజుకు మూడు బొమ్మల చొప్పున వేరే కథగా కూడా నడుస్తున్నాడు. అది స్టాన్ లీ చేతిలో ఉంది. ఆయన అక్కడ పెళ్ళి చేయాలనుకున్నారు. అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్, అలాగైతే పుస్తకాల్లోనూ అప్పుడే జరగాలన్నాడు. అంతకు ముందు మేరీ జేన్ పెళ్ళికి ఒప్పుకోని మనిషి. ముహూర్తం పైవాళ్ళు పెట్టేశారు గనక, రచయితలు కొన్ని నెలల్లోనే ఆమెను ఒప్పించవలసి వచ్చింది. న్యూయార్కులో షే స్టేడియంలో, బేస్‌బాల్ ఆట మొదలయ్యే ముందు, వేషాలు వేసిన ఇద్దరికి స్టాన్ లీ స్వయంగా పురోహితుడై ఉత్తుత్తి పెళ్ళి జరిపించారు.

అంటే, చెరిపినవాళ్ళే కాదు, కట్టినవాళ్ళు కూడా సంపాదకులే. ఇది మరిచిపోకూడదు.

చెరిపేసిన తీరు

పెళ్ళి అయిన కొన్నేళ్ళకే కంపెనీలో గుసగుసలు మొదలు. ఇంటికి పోతే భార్య ఎదురుచూసే మనిషి ఇంకా కుర్రకారు హీరోనా అని. 1994లో ఒక ఎత్తు వేశారు. ఇన్నాళ్ళూ మీరు చదివినది అసలు పీటర్‌ను కాదు, నకలును, అసలువాడు వేరే ఉన్నాడు, వాడికి పెళ్ళి కాలేదు అన్నారు. పాఠకులు మండిపడ్డారు. అమ్మకాలు ఉన్నాయి కదా అని కథను రెండేళ్ళకు పైగా లాగారు. చివరికి 1996లో ఆ ‘అసలువాణ్ణే’ నకలుగా తేల్చి చంపేశారు. ఈలోపు మేరీ జేన్ గర్భవతి. బిడ్డ బతికితే హీరో తండ్రి అవుతాడు. ఆ బిడ్డనూ కథలో దక్కనివ్వలేదు. 2000లో మేరీ జేన్ విమాన ప్రమాదంలో పోయిందన్నారు. మరుసటి ఏడాదే బతికే ఉందన్నారు.

చివరికి 2007 వచ్చింది. ప్రధాన సంపాదకుడు జో కెసాడా. ఆయన వాదన వినండి, గుమాస్తా నోటు రాసినంత పద్ధతిగా ఉంటుంది. పెళ్ళయిన హీరో పెద్దవాడిలా కనిపిస్తాడు. విడాకులు ఇప్పిస్తే ఇంకా పెద్దవాడు. భార్య చచ్చిపోతే విధురుడు, మరీ పెద్దవాడు. కాబట్టి ఆ పెళ్ళి అసలు జరగనట్టే చేయాలి.

అదే చేశారు. కథలో మే పిన్నమ్మకు తుపాకీ గుండు తగిలి చావుబతుకుల్లో ఉంటుంది. మెఫిస్టో అనే దయ్యాల దొర వచ్చి, ఆమెను బతికిస్తాను, బదులుగా మీ పెళ్ళి నాకు ఇవ్వండి అంటాడు. ఆ దంపతులు ఒప్పుకుంటారు. తెల్లవారి లేచేసరికి పీటర్ బ్రహ్మచారి. ఇరవై ఏళ్ళ కాపురం ఎవరికీ గుర్తులేదు. కథ రాసిన స్ట్రాజిన్‌స్కీ ముగింపు తీరు తనకు సమ్మతం కాదని బయటికే చెప్పాడు. చివరి రెండు సంచికల మీద తన పేరు తీసేయమందామా అనుకుని, నచ్చజెప్పిన మీదట ఊరుకున్నాడు.

మా మనవరాలి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఆమె చూసిన సినిమా ముగింపు ఈ పాత కథకు తోబుట్టువు లాంటిది. ఎవరు చెప్పినారు అంటే, ఆ వీరుడి పేరు మీద హక్కులున్న కంపెనీలో, ఒక బల్ల వెనక కూర్చున్న మనిషి చెప్పాడు. అతనికి కసి ఏమీ లేదు. వచ్చే ఏడాది కూడా పుస్తకం అమ్ముడుపోవాలి, కొత్తగా చదవడం మొదలుపెట్టే పిల్లవాడికి హీరో తనలా కనపడాలి. అతని లెక్క అది. పాత పాఠకుడి లెక్క వేరు. నేను కాలేజీలో ఉండగా వాడూ కాలేజీలో ఉన్నాడు, నాకు పెళ్ళయింది, వాడికీ కావాలి అంటాడు. ఇద్దరి లెక్కా ఒప్పే. ఒకే హీరోకు రెండు తరాలు హక్కు అడిగితే ఇదే తగాదా.

పెళ్ళి లేకపోతే నడవని వీరుడు

పెళ్ళి చేస్తే హీరో చెడిపోతాడన్నది అన్నిచోట్లా నిజం కాదు. ఫాంటమ్‌ను చూడండి. మన తరంవాళ్ళకు ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా తెలిసిన ముసుగు వీరుడు. హిందీలో అతని పేరు వేతాళుడే. 1936లో లీ ఫాక్ సృష్టించాడు. డయానా పామర్‌తో ప్రేమ నలభై ఏళ్ళు నడిపి, 1977లో పెళ్ళి చేశాడు. తరువాత కవలలు పుట్టారు. ఎవరూ చెరపలేదు. ఎందుకంటే అతను ఇరవై ఒకటో ఫాంటమ్. తండ్రి పోతే కొడుకు ముసుగు వేసుకుంటాడు, జనం మాత్రం ఒకే మనిషి చావులేకుండా ఉన్నాడనుకుంటారు. అక్కడ పెళ్ళి జరిగి బిడ్డ పుడితేనే యథాస్థితి నిలుస్తుంది. స్పైడర్‌మాన్‌కు బిడ్డ పుడితే అది కూలుతుంది. పెళ్ళి ఒకటే, కథకు వేసిన పునాది వేరు.

సూపర్‌మాన్ సంగతి మరీ విచిత్రం. 1938 నాటి వీరుడు. లోయిస్ లేన్‌తో 1990లో నిశ్చితార్థం అయింది. ఈలోపు టీవీలో వారి సీరియల్ వస్తోందని తెలిసి, రెండు పెళ్ళిళ్ళూ ఒకేసారి జరగాలని పుస్తకంలో ముహూర్తం వాయిదా వేశారు. ఆ ఖాళీ నింపడానికి ఇంకో పెద్ద కథ కావాలి గనక, 1992లో సూపర్‌మాన్‌ను చంపేసి, తరువాత బతికించారు. చివరికి 1996 అక్టోబరులో టీవీలోనూ పుస్తకంలోనూ పెళ్ళి జరిగింది. 2011లో కంపెనీ కథలన్నీ కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఆ పెళ్ళి మాయమైంది. కొన్నేళ్ళకు కొడుకుతో సహా తిరిగి వచ్చింది.

ఇదంతా చదివి నవ్వకండి. మన ఇళ్ళలో వంటలక్క, డాక్టర్ బాబుల కథ 2017 నుంచి ‘కార్తీక దీపం’లో చూసినవాళ్ళమే. ఆ దంపతులను ఎన్నేళ్ళు విడదీసి ఉంచారు! ప్రమాదంలో పోయారన్నారు, ప్రేక్షకులు ఊరుకోలేదు, మళ్ళీ తెచ్చారు. అయిపోయిందన్నారు, 2024లో అవే ముఖాలతో ఇంకో కథ మొదలుపెట్టారు. కలిస్తే కథ అయిపోతుంది. అందుకే కలవనివ్వరు.

పాఠకుడి చేతిలో ఏముంది?

ఏమీ లేదనుకోవద్దు. దినపత్రికలో నడిచే స్పైడర్‌మాన్ కథలో కూడా 2009 జనవరిలో పెళ్ళి తీసేసి, అతణ్ణి మళ్ళీ కాలేజీ కుర్రవాణ్ణి చేశారు. పత్రిక పాఠకులు ఏళ్ళ తరబడి పొద్దున కాఫీతో ఆ దంపతులను చూసినవాళ్ళు. ఒప్పుకోలేదు. అయిదు నెలలు తిరగకముందే, అదంతా కల అని చెప్పి, మేరీ జేన్‌ను భార్యగా తిరిగి తెచ్చారు. ఆ పత్రికలో వారి కాపురం అలాగే సాగింది. అసలు పుస్తకాల్లో మాత్రం పెళ్ళి తిరిగి రాలేదు. దానికి బదులు, ఇది వేరే లోకం అని చెప్పి, వేరే శీర్షికల్లో కాపురం చూపిస్తున్నారు. 2024లో మొదలైన ‘అల్టిమేట్ స్పైడర్‌మాన్’లో అతనికి భార్య మేరీ జేన్, ఇద్దరు పిల్లలు. మొదటి సంచిక మళ్ళీమళ్ళీ అచ్చు వేయవలసి వచ్చింది. పెళ్ళయినవాణ్ణి ఎవరూ చదవరన్న మాట ఎంత నిజమో దాన్నిబట్టే తెలుస్తుంది.

కొని చదివేవాడు ఉన్నంతవరకు కథ మీద వాడికి కొంత మాట చెల్లుతుంది. కొనేవాడు కరువైతే, ఏ సంపాదకుడూ కథను నిలబెట్టలేడు. చందమామను 2007లో బొంబాయి కంపెనీ ఒకటి కొనుక్కుంది. ఆ తరువాత కొన్నేళ్ళకే అచ్చు ఆగిపోయింది. రాజు చివరిసారి శవాన్ని భుజాన వేసుకున్నవాడు వేసుకున్నట్టే ఉండిపోయాడు. ఆయనకు ముగింపు కూడా రాయలేదు.

మన ఇంటి యథాస్థితి

చిన్నప్పుడు మా ఇంటికి చందమామ వచ్చేది, పక్క తమిళవారి ఇంటికి అంబులిమామా. బొమ్మలు అవే, కథ అదే, అక్షరాలు వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళము. తమిళ అక్షరాలు నేను బడికన్నా ముందు అలా నేర్చుకున్నాను. వాళ్ళ అబ్బాయి కొన్ని తెలుగు అక్షరాలు పట్టాడు.

మనవరాలికి ఈ సంగతి చెప్పి, అటకమీది పాత చందమామ బైండు దించి చేతికిచ్చాను. బొమ్మలు చూసింది. అక్షరాలు చదవలేకపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, సినిమా తెలుగులో చూస్తుంది, బడిలో తమిళం, ఇంగ్లీషు. “నువ్వు చదువు తాతా, నేను వింటాను” అంది.

పదేళ్ళుగా సంఘం సమావేశాల్లో నేను చదివే నివేదికలో ఒక వాక్యం ఉంటుంది, మింజూరు తెలుగు కుటుంబాలు తమ భాషను కాపాడుకుంటున్నాయి అని. ప్రతి ఏడాదీ తేదీ మార్చి అదే వాక్యం చదువుతున్నాను. కామిక్స్ వాళ్ళది మార్పు అనే భ్రమ. పైన అంతా మారినట్టుంటుంది, లోపల ఏమీ మారదు. మనది దానికి తలకిందులు. ఉగాదికి పచ్చడి, సంక్రాంతికి ముగ్గు, పెళ్ళిలో మాట, పైన అంతా ఎప్పటిలాగే ఉంది. లోపల మాత్రం ఒక తరం అక్షరం మరిచిపోయింది. ఏ దయ్యాల దొరా వచ్చి బేరం పెట్టలేదు. ఎవరూ సంతకం చేయమనలేదు. ఇచ్చేశాము. మా ఇంట్లోనే ఇచ్చేశాము, సంఘం కార్యదర్శి ఇంట్లో.

మనకు పై సంపాదకుడు లేడు, అదంతా కల అని చెప్పి వెనక్కి తెచ్చేవాడూ లేడు. ఈ ఏడాది నివేదికలో ఆ వాక్యం తీసేసి, ఎన్ని ఇళ్ళలో ఎందరు పిల్లలు తెలుగు చదవగలరో లెక్క రాయాలనుకుంటున్నాను. అంకె చిన్నదే రావచ్చు. అయినా ఫైలులో ఉండవలసింది ఆ అంకే.

ప్రస్తుతం మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక బేతాళ కథ నడుస్తోంది. నేను చదువుతాను, బేతాళుడు ప్రశ్న వేసే చోట ఆపుతాను. జవాబు తెలియాలంటే ఆ చివరి పేరా తనే చదువుకోవాలి. మొదటి కథకు మూడు రాత్రులు పట్టింది. గత వారం ఒక్క రాత్రిలో ముగించింది. మీ అటకమీద కూడా పాత బైండ్లు ఉంటే కిందికి దించండి. మీ ఇంట్లో చదివేవారు లేకపోతే సంఘానికి ఇవ్వండి, ఇంకో ఇంటికి చేరుస్తాము.